రెండు చుక్కలు, ఆరు వందల పత్రికలు

నంగలిలో మాది చిన్న కొట్టు. హైవే దిగి ఊళ్లోకి తిరిగే చోట, టీ అంగడికీ పంక్చర్ల షాపుకీ నడుమ పది అడుగుల గది. బోర్డు కన్నడంలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది, కంప్యూటర్లు ఇంగ్లీషులో మొరాయిస్తాయి. కర్ణాటక ఇక్కడితో సరి. అదే రోడ్డు పట్టుకుని ముందుకు పోతే పలమనేరు, ఆపైన చిత్తూరు. పిల్లనిచ్చేది ఇటువాళ్లయితే తెచ్చుకునేది అటువాళ్లు. అందుకని మేం కట్టే పెండ్లి పత్రికల్లో సగానికి పైగా రెండు భాషలవే. ముందుపక్క తెలుగు, వెనకపక్క కన్నడం.

మా నాయన కేజీఎఫ్‌లో గని పనివాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాక, చేతికొచ్చిన డబ్బుతో ఇక్కడికొచ్చి జెరాక్స్ మిషను పెట్టాడు. 2006లో డీటీపీ కోసం ఒక కంప్యూటరు కొన్నాడు. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు, కన్నడానికి నుడి. నాయన పోయి ఐదేళ్లయింది గానీ ఆ కంప్యూటరు ఇంకా ఉంది. దాన్ని తీసేయమని చెప్పినవాళ్లు చాలామంది. వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఆ కాలపు ఫాంట్లు యూనికోడ్ కావు. పేజ్‌మేకర్‌లో కట్టిన పత్రికని ఆ ఫాంట్లు లేని మిషన్లో తెరిస్తే, ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు గుర్తులు గుప్పెడు పోసినట్టు కనబడతాయి. పదిహేడేళ్ల పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అన్నీ అందులోనే కట్టి ఉన్నాయి. పాత గిరాకీ వచ్చి “మా పెద్దమ్మాయి పెండ్లికి వేశారు కదా, అదే మాదిరి కావాల” అంటే ఆ ఫైలు తెరవాలి, పేర్లు మార్చాలి. మా బతుకు అదే.

రెండో కంప్యూటరు విండోస్ 10 ల్యాప్‌టాప్. కలర్ ప్రింటరు దానికే తగిలించి ఉంటుంది. మూడోది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్. 2019లో మా చెల్లెలి కొడుకు దాంట్లో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, పెద్ద డిస్కు ఒకటి పెట్టి, “మామా, ఫైళ్లన్నీ ఇందులో ఉంటాయి. ఎక్స్‌పీ అయినా ల్యాప్‌టాప్ అయినా ఇక్కడి నుంచే తీసుకోవాల” అన్నాడు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి తిరిగే పని తప్పింది. నాలుగేళ్లు దాని ఊసే ఎత్తాల్సిన అవసరం రాలేదు.

2023 ఏప్రిల్ నెలాఖరు. గురుమౌఢ్యం వీడింది, మే నెల ముహూర్తాలకి పత్రికలు వరసకట్టాయి. దానికితోడు మే 10న కర్ణాటక శాసనసభ ఎన్నికలు. మా ముళబాగిలు నియోజకవర్గంలో పోటీచేసే ప్రతివాళ్లకీ కరపత్రాలు కావాలి. ఎన్నికల కాగితం మీద అచ్చువేసినవాడి పేరు, చిరునామా ఉండి తీరాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. అది మరిస్తే జైలుదాకా పోతుంది. కాబట్టి పని ఎక్కువ, భయం అంతకన్నా ఎక్కువ.

ఆ ఉబుంటు 18.04కి మే నెలాఖరుతో సపోర్టు అయిపోతుందని తెర మీద నోటీసు వస్తూ ఉంది. కొత్తది ఎక్కించుకోమని రోజూ అడుగుతుంది. ఏప్రిల్ 30 ఆదివారం. గిరాకీ లేదు. రాత్రి తొమ్మిదికి ‘సరే’ అని నొక్కి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున్నే వచ్చి చూస్తే 20.04 బ్రహ్మాండంగా ఎక్కి ఉంది. తెర రంగు మారింది. చూడ్డానికి బాగుంది.

ఎక్స్‌పీ తెరిచి, ఫైళ్ల ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కాను. ఇసుక గడియారం కాసేపు తిరిగింది. తర్వాత ఒక పెట్టె వచ్చింది. మీరు అడిగిన నెట్‌వర్క్ పేరు ఇప్పుడు అందుబాటులో లేదు అని అందులో సారాంశం.

అందుబాటులో లేకపోవడమేమిటి, పక్క బల్ల మీదే ఉంటే!

ఇక్కడి నుంచి నాలుగు రోజులు నేను చేసిన పనులు వరసగా చెబుతాను. ఒక్కటీ దాచను.

మొదట కేబుల్ తీసి పెట్టాను. తర్వాత వేరే కేబుల్ వేశాను. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. ఎక్స్‌పీ నుంచి ‘పింగ్’ కొట్టాను. పింగ్ అంటే ఎదుటి ఇంటి ముందు నిలబడి “ఉన్నారా?” అని కేకేయడం లాంటిది. నాలుగు కేకలకి నాలుగు జవాబులు వచ్చాయి. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, తలుపు మాత్రం తీయడు. ఎక్స్‌పీ ఫైర్‌వాల్ ఆపేశాను. యాంటీవైరస్ ఆపేశాను. ఏమీ కాలేదు. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఫైళ్లన్నీ హాయిగా తెరుచుకుంటున్నాయి. అసలు జాడ అక్కడే ఉంది. కొత్త మిషనుకి తెరుచుకునే తలుపు పాత మిషనుకి ఎందుకు తెరుచుకోవడం లేదు? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సోమవారం మధ్యాహ్నానికే తెమిలిపోయేది. వేసుకోలేదు. చేతికి పని చెప్పాను గానీ బుర్రకి చెప్పలేదు.

మంగళవారం ముళబాగిలు నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించాను. ఐదు నిమిషాలు చూసి, “ఎక్స్‌పీ అంటే ఎవురన్నా నవ్వుతారన్నా, పారేయండి” అన్నాడు. రెండు వందలు తీసుకుని పోయాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. మైక్రోసాఫ్టే 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి సపోర్టు ఆపేసింది. కానీ పారేయమనడం వైద్యం కాదు కదా. కాలు నొప్పి అంటే కాలు తీసేయమన్నట్టుంది.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. ఉబుంటులో ఫైళ్లు పంచే ప్రోగ్రాం పేరు సాంబా. దానికి విడిగా వాడుకరి పేరూ పాస్‌వర్డూ ఇవ్వొచ్చని ఎక్కడో చూసిన గుర్తు. ఎక్స్‌పీలో నేను లాగిన్ అయ్యే పేరుతోనే సాంబాలో ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డు పెట్టాను. ఉపయోగం లేదు. అయినా ఆ ఖాతా అలాగే వదిలేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

బెంగళూరులో ఉన్న మేనల్లుడికి ఫోను చేయొచ్చు. వాడు పెట్టిన ఏర్పాటే. కానీ అడక్కుండా అప్‌గ్రేడ్ చేసింది నేను. నలభై ఆరేళ్లవాణ్ని, ఇరవై నాలుగేళ్ల కుర్రాడి దగ్గర ‘చెడగొట్టుకున్నాను’ అని చెప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది.

ఆ రాత్రి కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. వచ్చాక చూస్తే ఈసారి ల్యాప్‌టాప్‌కి కూడా ఫైళ్లు తెరుచుకోవడం లేదు. గుండె జారిపోయింది. డిస్కే పోయిందనుకున్నాను. పదిహేడేళ్ల పని. రాత్రి పన్నెండు దాకా ఆ డబ్బా ముందు కూర్చుని, అది చేసే చప్పుడుని చెవి పెట్టి విన్నాను. చివరికి రౌటరులో చూస్తే తెలిసింది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు అందరికీ మళ్లీ కొత్తగా నంబర్లు పంచింది. ఉబుంటుకి చివర 5 ఉండే నంబరు ఉండేది, అది ఎవరి ఫోనుకో పోయి దీనికి 7 వచ్చింది. ల్యాప్‌టాప్ పాత నంబరు దగ్గరికి పోయి తలుపు కొడుతూ ఉంది. డిస్కు నిక్షేపంగా ఉంది. కొత్త నంబరు కొడితే ల్యాప్‌టాప్ తెరుచుకుంది. ఎక్స్‌పీ మాత్రం యథాప్రకారం.

ఇలా ఒక జబ్బు మీద ఇంకో జబ్బు పడితే ఏది దేనివల్లో తెలియదు. నేను చేసిన ప్రతి మార్పూ ఆ కుప్ప మీద ఇంకో గంప మట్టి పోసింది.

పని ఆగకూడదు కాబట్టి పాత పద్ధతికే వచ్చాను. పెన్‌డ్రైవ్. ఎక్స్‌పీలో కట్టడం, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, ఉబుంటులో దింపడం, ల్యాప్‌టాప్ నుంచి ప్రింట్ కొట్టడం. దెబ్బ ఇక్కడే తగిలింది.

మా వీధి పెద్దాయన ఒకరు, నేను చిన్నాయనా అని పిలుస్తాను, కూతురి పెండ్లి పత్రిక ఇచ్చి ఉన్నాడు. ఆరు వందలు. మొదట కర్కాటక లగ్నం, ఉదయం 10.35 అని రాయించాడు. మంగళవారం పొద్దున వచ్చి, “అయ్యవారు మళ్లా చూసి మిథున లగ్నం అన్నాడు నాయనా, తొమ్మిదింబావు, మార్చు” అన్నాడు. మార్చాను. రెండు భాషల్లోనూ మార్చాను. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉబుంటుకి తెచ్చాను. పాత పీడీఎఫ్ కూడా అక్కడే ఉంది కదా, కలిసిపోకూడదని కొత్తదానికి పేరు మార్చాను. ‘పత్రిక 9:15 సరిచేసింది’ అని పెట్టాను. తొమ్మిదికీ పదిహేనుకీ నడుమ రెండు చుక్కలు. గడియారంలో ఉన్నట్టే. ఉబుంటు ఏమీ అనలేదు, ఒప్పుకుంది.

బుధవారం పొద్దున ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డరు తెరిచాను. రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి ‘పత్రిక ఫైనల్’. రెండోదాని పేరు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా, నడుమ పాములా వంకర తిరిగిన గీత ఒకటి. అలాంటి పేరు నేను జన్మలో పెట్టలేదు. పెన్‌డ్రైవ్ అటూ ఇటూ తిరిగింది కదా, ఏదో వైరస్ పట్టిందనుకున్నాను. డిలీట్ కొట్టాను. మంచిపని చేశాననుకుని, ‘పత్రిక ఫైనల్’ తెరిచి, అమ్మాయి పేరు చూశాను, అబ్బాయి పేరు చూశాను, ఊరు చూశాను. సమయం చూడలేదు. ఆరు వందలు కొట్టేశాను.

డిలీట్ చేసిందే సరైన ఫైలు. విండోస్‌లో ఫైలు పేరులో కొన్ని గుర్తులు ఉండకూడదు. రెండు చుక్కలు వాటిలో ఒకటి, ప్రశ్నార్థకం ఒకటి, నక్షత్రం గుర్తు ఒకటి. లినక్స్‌కి ఆ పట్టింపు లేదు. రెండింటి నడుమ ఉన్న సాంబా, విండోస్ చదవలేని పేరు వచ్చినప్పుడు దానికి తనే ఒక మారుపేరు పెట్టి పంపుతుంది. ఫైలు అదే, లోపలి సరుకు అదే, పేరు మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఇది నాకు తెలిసేసరికి ఆరు వందల పత్రికలు కట్టలు కట్టి ఆయన ఇంటికి చేరిపోయాయి.

గురువారం పొద్దున్నే చిన్నాయన వచ్చాడు. ఒక పత్రిక బల్ల మీద పెట్టాడు. వేలు ఒక్కచోట ఆనించాడు. 10.35.

నేను మిషన్లు, నెట్‌వర్కు, కరెంటు అని ఏదో చెప్పబోయాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“మిషన్ల సంగతి నాకు తెలీదు నాయనా. పొద్దు మారిస్తే చుట్టాలు తలంబ్రాలకి రారు, సీదా భోజనాలకి వస్తారు. పెండ్లికి పది దినాలే ఉండాది.”

అంతే అన్నాడు. అప్పటికే నలభై పత్రికలు పంచేశాడట. ఆ నలభై ఇళ్లకీ మళ్లీ ఫోన్లు చేయాలి. పసుపు పూసిన పత్రిక వెనక్కి తీసుకోవడం మాలో అశుభం. ఆ మాట ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ సాయంత్రం నామోషీ పక్కన పెట్టి అల్లుడికి ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు నవ్వలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

“మామా, లాగ్ ఫైలు చూసినావా?”

చూడలేదు. ఉంటుందని కూడా తెలియదు. సాంబా తన దగ్గరికి ఎవరొచ్చారో, ఏమడిగారో, తనేమన్నదో అంతా ఒక ఫైల్లో రాసుకుంటుంది. పాత కిరాణా అంగడి చిట్టా మాదిరి. వాడు చెప్పిన చోట తెరిచాను. సోమవారం పొద్దున నేను ఎక్స్‌పీలో మొదటిసారి నొక్కిన నిమిషం దగ్గర ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం ఉంది. ‘ఏ ప్రోటోకాలూ కుదరలేదు’ అని దాని అర్థం. అదే వాక్యం మళ్లీ మళ్లీ, నేను నొక్కిన ప్రతిసారీ. నాలుగు రోజులుగా అది కారణం రాసిపెట్టుకుని కూర్చుంది. నేను అడగలేదు.

వాడు విప్పి చెప్పాడు. కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి మాట్లాడుకునే భాషని ఎస్ఎంబీ అంటారు. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది. మైక్రోసాఫ్ట్ తీసుకుని విండోస్‌కి దాన్నే నేర్పింది. విండోస్ కానివాళ్లలో చాలామందికి అప్పట్లో ఆ భాష వచ్చేది కాదు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, ఎదుటివాళ్లు మాట్లాడుకునేది గమనిస్తూ, అలాగే జవాబు చెప్పే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. అది పెరిగి సాంబా అయింది. ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో వచ్చే మాట కోసం నిఘంటువులో వెదికితే దొరికిన పేరట అది.

ఆ భాషకి ఇప్పుడు మూడు తరాలు. ఎక్స్‌పీకి మొదటి తరం ఒక్కటే వచ్చు. విస్టా నుంచి రెండో తరం, విండోస్ 8 నుంచి మూడో తరం. కొత్త మిషన్లు కలిసినప్పుడు ముందు ఏ తరంలో మాట్లాడుకుందామో తేల్చుకుంటాయి. ఉబుంటు 18.04లో ఉన్న సాంబా మూడు తరాలకీ పలికేది. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి మొదటి తరాన్ని మామూలుగా మూసే ఉంచుతున్నారు. ఆదివారం రాత్రి నేను ‘సరే’ అన్నది దానికే. మా నంగలి చెక్‌పోస్టు దగ్గర ఒకప్పుడు లారీలు పన్ను కాగితాల కోసం బారులు తీరేవి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఆ గేటే పోయింది. ఇప్పుడొకడు ఆ పాత కాగితం పట్టుకొచ్చి స్టాంపు వేయమంటే ఎవరు వేస్తారు? ఎక్స్‌పీ గతి అదే.

“మరి ఎందుకు మూసినారు, పాపం వాడుకునేవాళ్లు ఉంటారు కదా?” అన్నాను.

కారణం వాడు చెబితే ఒళ్లు జలదరించింది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లకి తాళం వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. నూట యాభై దేశాలకి పైగా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మా పొరుగునే చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకీ తగిలిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అది ఒక మిషను నుంచి ఇంకో మిషనుకి దూకింది ఈ మొదటి తరం ఎస్ఎంబీలో ఉన్న కన్నం గుండానే. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. దెబ్బ ఎంత గట్టిదంటే, సపోర్టు ఆగిపోయి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా మందు విడుదల చేశారు. ఆ ఏడాది చివర నుంచి విండోస్ 10లోనూ మొదటి తరం భాషని ఎక్కించకుండానే ఇస్తూ వచ్చారు. ఆ తలుపుకి తాళం వేసింది దొంగలు పడ్డాకనే.

రాత్రి పదింటికి మరమ్మతు మొదలైంది. వాడు ఫోన్లో, నేను కొట్టులో. సాంబా సెట్టింగుల ఫైల్లో, మొదటి తరం వాళ్లని కూడా రానివ్వు అని ఒక్క వాక్యం చేర్చాం. సాంబాని ఆపి మళ్లీ నడిపించాం. ఎక్స్‌పీలో నొక్కాను. పాత పెట్టె రాలేదు. సంతోషించేలోపు ఇంకో పెట్టె వచ్చింది. ‘పేరు గానీ పాస్‌వర్డు గానీ తప్పు.’ పాస్‌వర్డు కొట్టాను. తప్పన్నది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పన్నది. నేను స్వయంగా పెట్టిన పాస్‌వర్డు.

“నువ్వేమన్నా ఖాతా తెరిచినావా మామా?”

మంగళవారం తెరిచింది గుర్తొచ్చింది. చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

అసలు ఏర్పాటు ఏమిటంటే, సాంబాకి పేరు తెలియనివాడు ఎవరొచ్చినా అతిథి కింద లోపలికి పంపమని వాడు రాసిపెట్టాడు. ఎక్స్‌పీ ఇన్నాళ్లూ అతిథిగానే వచ్చిపోయేది. నేను ఎప్పుడైతే ఆ పేరుతో ఖాతా తెరిచానో, ఆ క్షణం నుంచి అది అతిథి కాదు, తెలిసినవాడు. తెలిసినవాడైతే పాస్‌వర్డు చెప్పాలి. ఎక్స్‌పీ పాస్‌వర్డు చెప్పే తీరు పాతకాలపుది. ఆ తీరుని కొత్త సాంబా నమ్మదు. అందుకే పాస్‌వర్డు సరైనదైనా తప్పంటుంది. బాగుచేద్దామని నేను పెట్టిన ఖాతాయే రెండో గొళ్లెం అయింది. మొదటి గొళ్లెం తీసేదాకా ఈ రెండోది ఉందని ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

ఖాతా తీసేశాను. ఎక్స్‌పీని ఆపి మళ్లీ వేశాను. ఫోల్డరు మీద నొక్కాను. ఇసుక గడియారం ఒక్క తిప్పు తిరిగింది. ఫోల్డర్లన్నీ వరసగా వచ్చాయి. 2006 నుంచి. నాయన పెట్టిన పేర్లతో. అప్పుడు శుక్రవారం తెల్లవారుజాము ఒకటిన్నర. టీ అంగడి కూడా మూసేశారు. గొంతు తడుపుకోవడానికి నీళ్లు తప్ప ఏమీ లేవు.

అల్లుడు రెండు మాటలు ఖచ్చితంగా చెప్పాడు. “ఈ పాత తలుపు తెరిచింది సీజను దాటేదానికి మాత్రమే. అంతదాకా ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఉండకూడదు.” అప్పటికప్పుడే ఎక్స్‌పీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో బయటికి పోయే దారి నంబరు తీసేయించాడు. అది మా కొట్టు గోడలు దాటి పోలేదు. రౌటరులో ఉబుంటుకి ఒక నంబరు శాశ్వతంగా రాయించాడు. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా అది మారదు.

పెన్‌డ్రైవ్‌లో సరిచేసిన పీడీఎఫ్ ఇంకా ఉంది. దాన్నుంచే శుక్రవారం మళ్లీ ఆరు వందలు కొట్టాను. ఈసారి ప్రింట్ కొట్టేముందు చిన్నాయన్ని పిలిచి, ఒక కాపీ చేతికిచ్చి, సమయం మీద ఆయన చేతనే టిక్కు పెట్టించాను. కార్డులకే 5,400 రూపాయలు నా జేబులోంచి పోయాయి, ఇంకు వేరే. నలభై ఇళ్లకి ఫోన్లు ఆయనకి చేయనివ్వలేదు. పట్టిక తీసుకుని నేనే చేశాను. “తప్పు అచ్చు మాది, తొమ్మిదింబావుకే తలంబ్రాలు, ముందే రండి” అని నలభై సార్లు చెప్పాను. కొందరు నవ్వారు. ఒకావిడ, “ఫోనులో చెప్పిందే గుర్తుంటుందిలే, పత్రిక ఎవురు చదువుతారు” అంది. పెండ్లినాడు తొమ్మిదింటికే మంటపం నిండింది.

జూన్‌లో అల్లుడు ఊరికొచ్చాడు. ఉబుంటులో ఎఫ్‌టీపీ అనే ఇంకో దారి పెట్టి, అది ఎక్స్‌పీ నంబరుకి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా చేశాడు. మొదటి తరం తలుపుకి మళ్లీ తాళం వేశాడు. ఇప్పుడు ఎక్స్‌పీలో ఫైలు తెచ్చుకోవాలి, పని అయ్యాక తిరిగి పంపాలి. ఒక అడుగు ఎక్కువే. అలవాటైపోయింది. అన్నిటికీ కాపీ ఇంకో డిస్కులో వేసి ఇంట్లో బీరువాలో పెట్టాను. ప్రతి ఆదివారం దాన్ని తెచ్చి కొత్తవి చేర్చి, మళ్లీ ఇంటికి తీసుకుపోతాను. అప్‌గ్రేడ్ అని అడిగితే ముందు ఆ డిస్కు వైపు చూస్తాను.

ఆ నాలుగు రోజుల్లో నేను మార్చినవి లెక్కేస్తే పదకొండు. కేబుల్, రౌటర్, ఫైర్‌వాల్, యాంటీవైరస్, ఖాతా... వీటిలో చేయాల్సింది ఒక్కటీ లేదు. ఒక్కదాన్నీ కాగితం మీద రాసుకోలేదు, ఒక్కదాన్నీ వెనక్కి తిప్పలేదు. అసలు జబ్బు సెట్టింగుల ఫైల్లో ఒక్క వాక్యం. మిగతా జబ్బులన్నీ నా చేతి చలవే.

నాలాంటి చిన్న కొట్టు నడిపేవాళ్లకి చెప్పేది ఇంతే. కలవాల్సిన మిషన్లు కలవకపోతే ముందు లాగ్ తెరవండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి, ఫలించకపోతే ఉన్నట్టు పెట్టేయండి. తెలిసిన పిల్లలుంటే మొదటిరోజే అడగండి. ఫైలు పేరులో సమయం రాయాల్సి వస్తే రెండు చుక్కలు పెట్టకండి. మన పెండ్లి పత్రికల్లో ముహూర్తం ఎప్పుడూ ఒక్క చుక్కతోనే వేస్తాం, 9.15 అని. ఆ ఒక్క చుక్కని ఉబుంటూ చదువుతుంది, విండోసూ చదువుతుంది, ఎక్స్‌పీ కూడా చదువుతుంది.